"ఉత్తగ ఎవరిస్తరు మేడం?" రక్తదానంపై అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో బ్లడ్ బ్యాంక్ కౌన్సెలర్‌ని. సూది గుచ్చే ముందు దాతను కూర్చోబెట్టి మాట్లాడటం నా పని. రాత్రి నిద్రపోయారా, ఏమైనా తిన్నారా, మందులు వాడుతున్నారా అని వరుసగా అడుగుతాను. ఫారంలో లేని ప్రశ్న కూడా ఒకటి అడుగుతాను: "ఎందుకిస్తున్నవ్ తమ్మీ?"

అపోహ: స్వార్థం లేకుండా ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇచ్చేదంతా తమ సంతోషం కోసమే.

వాస్తవం: ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువ వింటాను. ఇచ్చాక సంతోషం కలిగే మాట నిజమే. ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని దానికి 'వార్మ్ గ్లో' అని పేరు కూడా పెట్టాడు. కానీ బిడ్డ అన్నం తింటే తల్లికి కడుపు నిండినట్టుంటుంది. అలా అనిపించడం కోసమే ఆమె వండిందని అనం కదా.

అమెరికాలో డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో దీన్ని పరీక్షించి చూశాడు. ఒక అమ్మాయికి కరెంటు షాకులు తగులుతున్నట్టు చూసేవాళ్లను నమ్మించి, ఆమె బదులు మీరు కూర్చుంటారా అని అడిగారు. చూడలేకపోతే లేచి వెళ్లిపోవచ్చు. తన బాధ తగ్గించుకోవడమే కావాలంటే వెళ్లిపోతే చాలు. ఆమె మీద జాలి గట్టిగా కలిగినవాళ్లలో ఎక్కువమంది వెళ్లలేదు, ఆమె చోటుకి వస్తామన్నారు. రాబర్ట్ చాల్డీని లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు, వాదన ఇంకా తెగలేదు. నేను మాత్రం బాట్సన్ వైపే.

అందుకు కారణం మునుగోడు వైపు నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవర్. మూడు నెలలు దాటగానే వస్తాడు, సర్టిఫికెట్ అడగడు. "నీ రక్తం ఎవరికి పోతదో తెల్వదు గదన్నా" అన్నాను ఒకసారి. "తెల్వకపోతేనే మంచిది మేడం. తెలిస్తే రేపు నేను ఎదురువడ్డప్పుడు ఆయిన తల దించుకోవాలె" అన్నాడు. మడిచిన చొక్కా చెయ్యి దించుకుని, మేమిచ్చిన బిస్కెట్ ప్యాకెట్ విప్పకుండా జేబులో వేసుకున్నాడు, ఇంట్లో పాపకోసమట. ఆ ప్యాకెట్‌ని ప్రతిఫలం అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: పేరుకోసమో, భయంతోనో ఇస్తే అది దానమే కాదు.

వాస్తవం: 1951 ఏప్రిల్ 18న, అప్పటి మన నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూస్వాముల మీద తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగని రోజులవి. "భయపడి ఇచ్చిండు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. భయం కొంత ఉండొచ్చు. కానీ భయం ఒక్కటే అయితే, అడిగినదానికి మించి ఇరవై ఎకరాలు ఎక్కడినుంచి వచ్చాయి? చేదతాడులో చాలా పోగులుంటాయి. నాయకుల పుట్టినరోజు శిబిరాల్లో ఫొటో కోసం పడుకునే పిల్లలను అందుకే నేను చిన్నచూపు చూడను.

అపోహ: డబ్బులిస్తే దాతలు క్యూ కడతారు.

వాస్తవం: స్వీడన్‌లో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో దాతలయ్యేందుకు 50 క్రోనర్లు ఇస్తామంటే, ఆడవాళ్లలో ముందుకొచ్చేవాళ్లు బాగా తగ్గారు. ఆ సొమ్మును ఏదైనా సేవాసంస్థకు ఇచ్చుకోవచ్చు అనగానే మళ్లీ పెరిగారు. మన దేశంలో సుప్రీంకోర్టు 1996 తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడాన్ని నిషేధించారు. డబ్బు అవసరమైన మనిషి జబ్బు దాస్తాడు. ఇన్ఫెక్షన్ సోకిన మొదటి రోజుల్లో పరీక్షకూ దొరకదు. ఇచ్చేవాడి ఉద్దేశం వేరొకరి నరాల్లోకి వెళ్లే చోటు ఇది. నేను "ఎందుకు" అని అడిగేది అందుకే.

అపోహ: పేషెంట్‌కి ఎక్కించే రక్తానికి బదులుగా చుట్టాలు ఇచ్చేదీ స్వచ్ఛంద దానమే.

వాస్తవం: ప్రేమతో ఇచ్చేవాళ్లు ఉన్నారు. లాక్కొచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకసారి ఆపరేషన్ పేషెంట్ బావమరిది నా ముందు కూర్చుని, తలుపు వైపే చూస్తున్నాడు. బయట నలుగురు పెద్దమనుషులు. తలుపు వేసి చెప్పాను: "నీకు ఇష్టం లేకున్నా, చెప్పుకోలేని కారణం ఉన్నా చెప్పు తమ్మీ. ఈసారి నీ రక్తం తీస్కోలేమని మాత్రమే చెప్త, ఎందుకో ఎవ్వరికీ చెప్ప." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. బయట ఆ ఒక్క మాటే చెప్పాను. కాదనే వీలు లేనిచోట ఇచ్చింది దానం కాదని నా నమ్మకం.

అపోహ: ఒళ్లు గుల్లయితేనే త్యాగం.

వాస్తవం: తీసేది 350 మిల్లీలీటర్లు, బరువును బట్టి 450. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వొచ్చు. మీకు పోయేది ఇంతే. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి అది ఎక్కాలి.

ఎండాకాలం కాలేజీలు మూస్తారు, శిబిరాలు తగ్గుతాయి. పిల్లల తేదీలు మాత్రం మారవు. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో రండి, పొద్దున ఏదైనా తిని రండి.