‘ఒకసారి పెట్టిచ్చేస్తే చాలు’: ఆటోమేషన్ సైడ్ బిజినెస్ మీద అపోహలు - వాస్తవాలు

ఉద్యోగం చేసుకుంటూనే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల లాడ్జీలకో, ట్రావెల్స్‌కో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకో రోజువారీ లెక్కల పని ఆటోమేట్ చేసిపెట్టి నాలుగు రాళ్లు సంపాదించొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సంపాదించొచ్చు. కాకపోతే చాలామంది రెండు వీడియోలు చూసి, ఓ రేటు మనసులో పెట్టుకుని దిగుతున్నారు. ఆ రేటు దగ్గరే అసలు నష్టం ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మిగతావి గబగబా.

అపోహ: ఒకసారి సెట్ చేసి ఇచ్చేస్తే దానంతట అదే నడుస్తుంది

యజమాని అనేదీ ఈ మాటే: "ఒకసారి పెట్టిచ్చేయన్నా, మళ్లీ నీకు పనేం ఉంటాది?" కొత్తవాళ్లు నిజమే కదా అనుకుని మొత్తం పనికి ఒకే ధర చెప్పేస్తారు. కొన్ని నెలలకు ఆ డబ్బు ఖర్చయిపోతుంది, ఫోన్లు మాత్రం ఆగవు. పని మానేస్తే ఊళ్లో పేరు పోతుంది, చేస్తే ఉచిత సేవ.

మీరు రాసిన స్క్రిప్టులో (పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం) అక్షరం మారకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారుతూనే ఉంటాయి. లాడ్జీ బిల్లునే తీసుకోండి. రోజు అద్దె 7,500 రూపాయలు దాటని గదులకు జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం అయింది. ఫార్ములాలో 0.12 అని నేరుగా కొట్టేసిన ప్రతిచోటా ఆ రోజు నుంచి బిల్లు తప్పే. కంగారులో దాన్ని 0.05 చేస్తే ఇంకో తలనొప్పి: ఆగస్టు బిల్లులు కూడా అదే ఫార్ములా మీద ఉంటే అవీ 5 శాతానికి మారిపోతాయి, అప్పటికే వేసిన రిటర్నుతో లెక్క కలవదు. అందుకే రేట్లు విడిగా ఓ షీట్‌లో, ‘ఏ తేదీ నుంచి’ అనే కాలమ్‌తో ఉండాలి. బిల్లు తేదీని చూసి రేటు అక్కడి నుంచి రావాలి. బిల్లు ఖాయమయ్యాక ఆ వరుసలో ఫార్ములాలు తీసేసి అంకెలే మిగల్చాలి.

చిత్తూరు వైపు రైతుల చెల్లింపులదీ ఇదే కథ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న, సరిగ్గా మామిడి సీజన్ ముంగిట్లో, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. బ్యాంకులు కలిస్తే ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు మారతాయి. పాత కోడ్లతో తయారయ్యే బల్క్ పేమెంట్ ఫైలు కొన్నాళ్లు బాగానే పోయి, ఒకనాడు సగం వరుసలు వెనక్కొస్తాయి. డబ్బు అందని రైతు గేటు దగ్గరికి వచ్చి అడిగేది మిమ్మల్ని కాదు, కౌంటర్లో కూర్చున్న గుమస్తాని. ఆ 2025 సీజన్‌లోనే తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలుగా నిర్ణయించి, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇచ్చేట్టు చేశారు. షీట్‌లో ‘రేటు’ అని ఒకే కాలమ్ పెట్టుకున్నవాళ్లకు ఎవరు ఎంత ఇవ్వాలో అందులో కనబడదు.

ఇవి పెద్ద మార్పులు, పేపర్లో వస్తాయి, కనీసం తెలుస్తాయి. చప్పుడు లేకుండా ఆపేసేవి వేరే ఉన్నాయి. వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) కంప్యూటర్ మార్చినప్పుడు తేదీ 07/06 కాస్తా 06/07 అవుతుంది. ఎవరో షీట్‌లో మధ్యన ఓ కాలమ్ చొప్పిస్తారు. టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) లెడ్జర్, అంటే ఖాతా, పేరులో ఓ అక్షరం మారుతుంది, దాంతో దిగుమతి ఆగిపోతుంది, ఎందుకంటే టాలీకి పేరు కలవాలి. ఎక్సెల్ 15 అంకెలకు మించి పట్టుకోదు. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా కొడితే చివరి అంకెను సున్నా చేసేస్తుంది, మొదట్లో ఉన్న సున్నాలను మింగేస్తుంది. ఖాతా నంబర్ల కాలమ్‌ను డేటా ఎక్కించకముందే టెక్స్ట్‌గా మార్చాలి, ఎక్కించాక మార్చి లాభం లేదు.

గూగుల్ షీట్స్‌లో యాప్స్ స్క్రిప్ట్ (అందులోనే స్క్రిప్టులు రాసుకునే సౌకర్యం) వాడేవాళ్లు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒక్కో రన్‌కు 6 నిమిషాలే గడువు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్టు ద్వారా రోజుకు 100 మందికే మెయిల్ పోతుంది. ట్రిగ్గర్ (స్క్రిప్టును దానంతట అదే మొదలుపెట్టించే ఏర్పాటు) ఎవరు పెడితే వాళ్ల ఖాతా మీదే నడుస్తుంది, చెడిపోయినప్పుడు వచ్చే మెయిలూ వాళ్లకే పోతుంది. ఈ మూడోదే కొంపముంచుతుంది. గుమస్తా సొంత జీమెయిల్ మీద పెట్టేసి, ఆ మనిషి ఉద్యోగం మారి ఖాతాకు అనుమతి తీసేస్తే, ఆ రోజుతో అంతా బంద్. కంపెనీ పేరు మీద కొత్త ఖాతా తీసి, రికవరీ ఫోన్ నంబరు యజమానిది ఇచ్చి, ట్రిగ్గర్లన్నీ దాని మీదే పెట్టండి. మీ ఖాతా మీద అసలే వద్దు.

6 నిమిషాల గడువుకు స్క్రిప్టు మధ్యలో తెగిపోతే ఏమవుతుందో ముందే ఆలోచించాలి. 300 చీటీల్లో 180 టాలీ ఫైలులోకి ఎక్కాయి, మిగతావి ఎక్కలేదు. మళ్లీ రన్ చేస్తే ఆ 180 రెండోసారి ఎక్కుతాయి. రైతుకు రెండుసార్లు డబ్బు పోయేది ఇలాగే. ప్రతి వరుసకూ ‘తేదీ + కాటా చీటీ నంబరు’ కలిపిన ఓ గుర్తు పెట్టి, పని పూర్తయిన వెంటనే ఆ వరుసలోనే ‘పోయింది’ అని రాయించాలి. రన్ మొదలైనప్పుడు ఆ మాట లేని వరుసలనే ఎత్తుకోవాలి.

ఇక కాపలా. రోజూ రాత్రి ఒక సమయానికి యజమానికి చిన్న సందేశం పోవాలి: ఈ రోజు కాటా చీటీలు 84, షీట్‌లో చేరినవి 82, ఆగినవి 2, మొత్తం నికర బరువు ఇంత. ఆగిన రెండూ ఏవో వాటి నంబర్లతో సహా ఉండాలి. సంఖ్యతో పాటు మొత్తం బరువు ఎందుకంటే, సంఖ్య కలిసినా అంకె తప్పుపడొచ్చు. "సందేశం రాలేదంటే ఏదో ఆగిపోయిందని లెక్క, నాకు ఫోన్ చేయండి" అని యజమానికి మొదటి రోజే చెప్పాలి. తప్పు జరిగినప్పుడు మాత్రమే మోగే అలారం పెడితే ఆ అలారమే చెడిపోయిన రోజు ఎవరికీ తెలియదు.

పాత రిజిస్టర్‌ను కనీసం ఒక నెలాఖరు దాటేదాకా పక్కన రాస్తూనే ఉండాలి. నెల మధ్యలో అన్నీ కలుస్తాయి. అడ్వాన్సులు, వాపసులు, డిస్కౌంట్లు, చేతిరాత సర్దుబాట్లు బయటపడేది నెలాఖరుకే.

ఇదంతా చదివాక ధర ఎలా చెప్పాలో మీకే అర్థమవుతుంది: ఏర్పాటుకు ఒక మొత్తం, ఆ తర్వాత నెలనెలా మెయింటెనెన్స్. ఏర్పాటు ఖర్చులో పదో వంతు నెలకు అడగడం సబబని నా లెక్క. ఆ నెల డబ్బులో ఏమేం వస్తాయో కాగితం మీద రాయండి: పన్ను రేటు మారితే మార్చడం, ఆగిన వరుసలు సరిచేయడం, నెలకు రెండు గంటల దాకా చిన్న మార్పులు. కొత్త రిపోర్టు కావాలంటే వేరే ధర. నెలనెలా ఇవ్వనన్న యజమానికి పని అప్పజెప్పి, ఫైళ్లు, పాస్‌వర్డులు, ఒక పేజీ సూచనలు ఇచ్చేసి మర్యాదగా బయటికి రండి. నోటిమాట మీద ‘చూసుకుందాంలే’ అంటే చూసుకోవాల్సింది మీరే.

అపోహ: జీతం మిగులుతుందని చెబితే యజమాని ఒప్పుకుంటాడు

లెక్క వేసి చూడండి. గుమస్తా జీతం 15,000, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు. గంటకు 72 రూపాయలు. మీరు రోజుకు రెండు గంటల పని తగ్గించారనుకుందాం, నెలకు మిగిలేది సుమారు 3,750. మీరు 60,000 అడిగితే అది తిరిగి రావడానికి 16 నెలలు. ఆ రెండు గంటలు తగ్గాయని యజమాని గుమస్తా జీతమేమీ కోయడు కూడా. మన ఊళ్లలో ఈ బేరం నిలబడదు.

నిలబడేది తప్పుల లెక్క. ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్ 2బీని (సప్లయర్లు జీఎస్టీలో ఎక్కించిన బిల్లుల జాబితా) కొనుగోలు రిజిస్టర్‌తో పోల్చి, ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో 15వ తేదీకల్లా చేతిలో పెడితే, వెంటనే ఫోన్ చేసి ఎక్కించమని అడగొచ్చు. అందులో ఒక్క బిల్లు క్రెడిట్ దక్కినా మీ నెల ఫీజు వచ్చేసినట్టే. ఒకే గది ఇద్దరికి బుక్ కావడం, ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లించడం, తిరిగొచ్చిన ట్రావెల్స్ కారుకు టోల్, డీజిల్ లెక్క కలవకపోవడం: ఇలాంటివి గత మూడు నెలల్లో ఎన్ని జరిగాయో యజమాని నోటే చెప్పించండి. ధర దాని మీద చెప్పండి.

అపోహ: ఏఐ వచ్చేసింది, చీటీ ఫొటో తీస్తే చాలు

ఫొటో చదువుతుంది, బాగానే చదువుతుంది. చేతిరాతలో 1ని 7 అని చదివినప్పుడూ అంతే ధీమాగా చెబుతుంది. అందుకని చదివినదాన్ని లెక్కతో పట్టుకోవాలి. లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీస్తే నికర బరువు రావాలి. పన్ను లేని మొత్తం, పన్ను కలిపితే బిల్లు మొత్తం కావాలి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలుండాలి, మొదటి రెండంకెలు మన రాష్ట్రానికి 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న జిల్లా కాబట్టి ఇది ముఖ్యం: 33తో మొదలైన బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే పన్నులు) కనబడితే ఆపి మనిషికి చూపించాలి. లెక్క కలవని చీటీ ఎప్పుడూ మనిషి దగ్గరికే పోవాలి.

బ్యాంకు చెల్లింపులు మాత్రం చివరిదాకా ఆటోమేట్ చేయొద్దు. ఫైలు తయారు చేయడం వరకే మీ పని. అప్‌లోడ్ ఒకరు, ఆమోదం యజమాని. ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చే ఏర్పాటుకు ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి.

అపోహ: బల్క్ వాట్సాప్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కుంటే సరి

లాడ్జీ బోర్డు మీదా, విజిటింగ్ కార్డు మీదా ఉన్న నంబరు బ్లాక్ అయితే ఆ నష్టమేంటో తెలుస్తుంది. అనధికార సాఫ్ట్‌వేర్‌తో గుంపుగా పంపితే జరిగేది అదే. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది పరిమితి, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అధికారిక ఏపీఐలో (సాఫ్ట్‌వేర్ నుంచి సందేశాలు పంపడానికి వాట్సాపే ఇచ్చే సేవ) కస్టమర్ సందేశం పెట్టిన 24 గంటల లోపు మామూలుగా జవాబివ్వచ్చు. ఆ తర్వాతైతే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్‌తోనే పంపాలి, దానికి డబ్బు పడుతుంది. ఆ ఖర్చు కంపెనీ కార్డు మీదే పోవాలి.

అపోహ: ఇది పెడితే గుమస్తాల ఉద్యోగాలు పోతాయి

ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి, భయపడేవాళ్లది తప్పేం కాదు. ఏ పార్టీకి ఏ రోజు బిల్లు వేస్తారో, ఎవరి సంతకం లేకపోతే లోడు ఆపుతారో ఆ అక్కకో ఆ అన్నకో తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లు చెప్పకపోతే మీ స్క్రిప్టుకు మినహాయింపులు తెలియవు, రెండో వారానికే పక్కన పడుతుంది. మిగిలిన గంటల్లో వాళ్లు ఏం చేస్తారో, ఉదాహరణకు బాకీల వసూలు ఫోన్లు, యజమాని చేత వాళ్ల ముందే చెప్పించాకే పని మొదలుపెట్టండి.

అపోహ: ముందు జీఎస్టీ, కంపెనీ రిజిస్ట్రేషన్, కోడింగ్ కోర్సు అన్నీ కావాలి

సేవలకు ఏడాదికి 20 లక్షల లోపు అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది. దానికి వేలు అడిగేవాళ్లను నమ్మకండి. కోడింగ్ కన్నా ముందు ఎక్సెల్, టాలీ గట్టిగా రావాలి. ఇక మీరు ప్రభుత్వ ఉద్యోగులైతే ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి 1964 నాటి ప్రవర్తన నియమావళి ఒప్పుకోదు. ప్రైవేటైతే అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. భార్య పేరు మీద పెట్టేస్తే పోలా అనే సలహా ఊళ్లో అందరూ ఇస్తారు. పని చేసేది మీరే అయినప్పుడు బిల్లు మీద ఎవరి పేరున్నా ఆ షరతు మీకు అడ్డమే.