గడ్డకట్టిన వెల్లుల్లి

తైవాన్‌లో ఎన్నికల సభకు వెళ్తే జనమంతా ఒక్క గొంతుతో "తోంగ్‌స్వాన్! తోంగ్‌స్వాన్!" అని అరవడం వినిపిస్తుంది. మా అభ్యర్థి గెలవాలి అని దాని భావం. అది తైవానీ భాష మాట. అదే నినాదం పేపర్లో రెండు చైనీస్ అక్షరాలుగా అచ్చవుతుంది. వాటిని అర్థం ప్రకారం చదివితే మొదటిది "గడ్డకట్టడం", రెండోది "వెల్లుల్లి".

ఆ మాటకు సొంత అక్షరాలు లేక కాదు. ఉన్నాయి, చదువుకున్న అందరికీ తెలుసు. కానీ వాటిని రాస్తే చదివేవాళ్ల నోట బడిలో నేర్పే చైనీస్ అయిన మాండరిన్ ఉచ్చారణ "తాంగ్‌ష్వెన్" వస్తుంది తప్ప సభలో మోగిన మాట రాదు. ఆ మోతను కాగితం మీద పెట్టడానికి, మాండరిన్‌లో దానికి దగ్గరగా పలికే గడ్డకట్టిన వెల్లుల్లిని అరువు తెచ్చుకున్నారు.

తైవానీని అక్కడివాళ్లు "తాయ్‌గీ" అంటారు. చైనా తీరంలోని ఫూజియన్ నుంచి, ముఖ్యంగా ఛ్వాన్‌జౌ, జాంగ్‌జౌ ప్రాంతాల నుంచి సముద్రం దాటి వచ్చిన వలస జనం తెచ్చుకున్న భాష ఇది. మాండరిన్‌కు బంధువే గానీ, ఒకటి మాత్రమే తెలిసినవాళ్లకు రెండోది వింటే అర్థం కాదు. మాండరిన్‌లో లేని బ, గ ధ్వనులు ఇందులో ఉన్నాయి. ప, ఫ, బ మూడూ వేరు. క, ఖ, గ మూడూ వేరు. పాదాన్ని "ఖా" అంటారు. మూడు అనే అంకెను ముక్కుతో "సాఁ" అంటారు, అక్కడ మన అరసున్న చక్కగా సరిపోతుంది. తెలుగు లిపి ఈ తేడాలన్నిటినీ తేలిగ్గా పట్టుకోగలదు. చైనీస్ అక్షరం అలా కాదు. అది ముందు అర్థాన్ని చెబుతుంది, పలుకును చదివేవాళ్లకే వదిలేస్తుంది.

పైగా ఒకే అక్షరానికి తైవానీలోనే రెండు పలుకులుంటాయి. "నేర్చుకోవడం" అనే అక్షరాన్ని యూనివర్సిటీ అనే మాటలో "హాక్" అంటారు, ఇంట్లో ఏదైనా పని నేర్చుకునేటప్పుడు "ఓహ్" అంటారు. మొదటిది గ్రంథాల దారిన వచ్చిన పలుకు, రెండోది జనం నోళ్లలో నానింది. మన విద్య, విద్దె లాంటి జంట అన్నమాట. కాకపోతే మనం రెంటినీ రెండు రకాలుగా రాస్తాం. అక్కడ రెండూ ఒకే గీతల కింద దాగి ఉంటాయి.

మాట్లాడే భాషలోని మాటలు చాలావాటికి ఏ అక్షరం రాయాలో అసలు తెలియదు. స్కాట్లాండ్ మిషనరీ కార్‌స్టేర్స్ డగ్లస్ 1873లో ఈ భాషకు పెద్ద నిఘంటువు వేశారు. దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు మాటలకు సరైన అక్షరం దొరకలేదని ముందుమాటలో చెప్పి, చైనీస్ అక్షరాలే లేకుండా మొత్తం రోమన్ లిపిలో అచ్చువేశారు. 1885లో తైనాన్‌లో మొదలైన చర్చి పత్రిక కూడా రోమన్ లిపిలోనే వచ్చింది. తైవాన్‌లో తొలి వార్తాపత్రిక అదే.

అయితే మామూలు జనం అంతకు చాలా ముందునుంచే ఏదో ఒక దారి వెతుక్కున్నారు. 1566లో అచ్చయిన ఒక నాటక ప్రతిలోనే ఈ భాష చైనీస్ అక్షరాల్లో కనిపిస్తుంది. తర్వాత చౌకగా దొరికిన పాటల పుస్తకాల్లో, చెవికి దగ్గరగా వినిపించిన అక్షరాన్ని తెచ్చి పెట్టేశారు. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. అందమైన అనే అర్థంలో "సుయ్" అనే మాటను వీధి బోర్డుల మీద "నీళ్లు" అనే అక్షరంతో రాస్తారు, మాండరిన్‌లో నీళ్లను "ష్వెయ్" అంటారు గనుక. పండితులు సూచించే అక్షరం వేరు. అందులో పక్కన స్త్రీ గుర్తు ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మాత్రం పాత మాటలు. తైవానీలో భోజనపు పుల్లలను "తీ" అంటారు. దాని అక్షరం ప్రాచీన చైనీస్‌లోదే, జపాన్‌లో ఇప్పటికీ వాడుకలో ఉంది, మాండరిన్ మాత్రం రోజువారీ మాటల్లో దాన్ని వదిలేసింది. వంటింటి మూకుడును "తియాఁ" అంటారు. మాండరిన్ చదివేవాళ్లకు ఆ అక్షరం కనబడగానే మ్యూజియంలోని మూడు కాళ్ల కంచు పాత్ర గుర్తొస్తుంది. "చావ్" అంటే తైవానీలో పరుగెత్తడం, పాత చైనీస్‌లోనూ అంతే. అదే అక్షరానికి మాండరిన్‌లో నడవడం అని అర్థం. అంటే పిల్లవాడు పరుగెత్తాడని తైవానీలో రాస్తే, మాండరిన్ కళ్లతో చదివేవాళ్లకు వాడు నడుస్తూ కనిపిస్తాడు. అక్షరం దొరకకపోవడం కన్నా ఇదే పెద్ద చిక్కని నాకనిపిస్తుంది. ప్రతి అక్షరం బడిలో మాండరిన్‌గా నేర్చుకున్నదే. అందుకని అమ్మ మాట రాసి ఉన్నా, చదివేటప్పుడు లోపల వినిపించేది బడి గొంతే.

ఆ బడి గొంతు ఊరికే రాలేదు. 1945 తర్వాత ప్రభుత్వం మాండరిన్‌ను ఏకైక జాతీయ భాషగా రుద్దింది. తరగతిలో తైవానీ మాట్లాడిన పిల్లలకు జరిమానాలు వేశారు, మెడలో పలకలు వేలాడదీశారు. తల్లి నేర్పిన మాటకు సిగ్గుపడేలా చేసిన ఆ ఏళ్ల గురించి చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రాయాలన్న పట్టుదల అంతకు ముందు తరంలోనే ఉంది. జపాన్ పాలనలో, 1930లో హువాంగ్ షీహుయ్ అనే రచయిత మన జనం గురించి మన మాటల్లోనే రాద్దామని పిలుపిచ్చారు. క్వో చ్యూషెంగ్ దానికి తోడు నిలిచి, అక్షరం లేని మాటలకు కొత్తవి కల్పిద్దామన్నారు. వైద్యుడు, కథకుడు లాయ్ హ 1935లో తైవానీ నుడిలోనే ఒక కథ రాశారు. చదవడం కష్టంగా ఉందని అన్నవాళ్లూ ఉన్నారు. ఆ కష్టం రచయితది కాదు, ఆయన చేతికి అందిన లిపిది.

కల్పించిన అక్షరాల్లో కొన్ని ముచ్చటగా ఉంటాయి. "వాళ్లు" అనే అర్థంలో "ఇన్" అనే మాట ఉంది. ఎడమవైపు మనిషి గుర్తు, కుడివైపు "ఇన్" అని పలికే అక్షరం కలిపి దాన్ని తయారుచేశారు. చాలాకాలం కంప్యూటర్లలో అది ఖాళీ డబ్బాగా కనిపించేది. ఆడుకోవడం, తిరగడం అనే అర్థంలో "ఛిత్‌థో" మాటకు రెండు అక్షరాలు. నడక గుర్తుకు ఒకదానిలో సూర్యుణ్ణి, మరొకదానిలో చంద్రుణ్ణి చేర్చారు.

2001 నుంచి ప్రాథమిక బడుల్లో మాతృభాష పాఠాలు మొదలయ్యాక, ఏ మాటకు ఏ అక్షరమో తేల్చక తప్పలేదు. విద్యాశాఖ 2007 నుంచి 2009 వరకు మూడు విడతల్లో 700 మాటలకు అక్షరాలు సూచించింది. ఆ జాబితాలో నాకు నచ్చింది దాని ఇంగితం. "లాంగ్" అంటే మనిషి. దాని మూలం వేరే అక్షరమని పండితులంటారు. అయినా జనానికి అలవాటైన, మనిషి అనే మామూలు అక్షరాన్నే ఉంచారు. కొందరు రచయితలు ఇంకో దారి పట్టారు. తెలిసిన మాటలకు అక్షరాలు, అనుమానమున్న చోట రోమన్ లిపి, రెండూ ఒకే వాక్యంలో. చూడ్డానికి అతుకులబొంతలా ఉన్నా, నా మటుకు అదే మేలు. ఆ రోమన్ ముక్క దగ్గర చదివేవాళ్లు మాండరిన్‌లోకి జారిపోలేరు.

2019 జులైలో పూర్తిగా తైవానీలో నడిచే ప్రభుత్వరంగ టీవీ ఛానెల్ మొదలైంది. కొన్ని కార్యక్రమాలకు కింద వచ్చే అక్షరాలు కూడా తైవానీవే. తెర మీద పిల్లవాడు పరుగెడుతుంటాడు, కింద ఆ పాత అక్షరం కనిపిస్తుంది, అదే క్షణంలో చెవికి "చావ్" అని వినిపిస్తుంది.