అండంలో ఒక నాగార్జునసాగర్

దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "సార్, నాకు 36 ఏళ్లు. అండం క్వాలిటీ తగ్గిందని డాక్టరమ్మ కోక్యూ-10 మాత్రలు రాసింది. చాలా ఖర్చయితున్నది. అవి నిజంగా పనిచేస్తయా, లేకపోతే మా అత్తమ్మ చెప్పినట్టు నువ్వులు, బెల్లం, మునగాకు తింటే సరిపోతదా? మా ఆయన కూడా వేసుకోవాల్నా?"

మూడూ మంచి ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పాలంటే అండానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. నాకు ఇష్టమైన చోటు అదే కాబట్టి ఎక్కువసేపు అక్కడే ఉంటాను. రుతుచక్రం, హార్మోన్ల బొమ్మలు ఇంటర్ జువాలజీ పుస్తకంలో ఉన్నాయి, వాటి జోలికి పోను.

మనిషి ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కణం అండం. అయినా అడ్డంగా మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది, అంతే. అందులో లక్షకు పైగా మైటోకాండ్రియాలు. శుక్రకణంలో ఉండేవి 50 నుంచి 75. క్లాసులో "మైటోకాండ్రియా అంటే ఏంది?" అనగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "కణ శక్త్యాగారాలు" అంటారు. మార్కులు పడిపోతాయి. "శక్తి ఎట్లా తయారైతది?" అంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. వాళ్లను బస్సెక్కించి నాగార్జునసాగర్ తీసుకుపోవాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

డ్యామ్ చేసే పని ఏమిటి? నీళ్లను ఒక పక్క ఎత్తున ఆపడం. సాగర్‌లో పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ నీళ్లు కిందికి దూకేటప్పుడు టర్బైన్ తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. మైటోకాండ్రియా లోపలి పొరే ఆ గోడ. నీళ్లకు బదులు ప్రోటాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్ కణాలు. ఒక్క తేడా ఉంది: సాగర్‌కు కృష్ణమ్మ పైనుంచి తనంతట తాను వస్తుంది, మైటోకాండ్రియా మాత్రం ప్రతి ప్రోటాన్‌నూ గోడ అవతలికి తానే తోడుకోవాలి. అందుకు గోడలో మూడు పంపులున్నాయి. శాస్త్రం వాటిని కాంప్లెక్స్ ఒకటి, మూడు, నాలుగు అంటుంది. మనం తిన్న తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఈ పంపులను నడుపుతాయి. (కాంప్లెక్స్ రెండు కూడా ఉంది, కానీ అది ఎలక్ట్రాన్లను అందిస్తుందే తప్ప దేన్నీ తోడదు.)

గోడ మందం 5 నానోమీటర్లకు కాస్త అటూఇటూ. దానికి రెండు వైపులా ఉన్న తేడా దాదాపు 150 మిల్లీవోల్టులు. ఇదెంత అనిపిస్తుంది కానీ, మీటరుకు లెక్కగడితే 3 కోట్ల వోల్టులు! ఆ ఒత్తిడితో ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే టర్బైన్‌లోంచి దూకుతాయి. మన కణాల్లో 8 ప్రోటాన్లు దిగితే టర్బైన్ ఒక చుట్టు తిరిగి 3 ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) చేస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు.

సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యూనిట్లలో 7 వెనక్కి కూడా తిరుగుతాయి, అంటే కరెంటు వాడుకుని కింది నీళ్లను మళ్లీ పైకి తోడగలవు. ఏటీపీ సింథేజ్ కూడా అంతే. గోడ అవతల మట్టం మరీ పడిపోతే అది వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీని కాల్చి ప్రోటాన్లను పైకి పంపుతుంది. సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లుంటే, ఇక్కడ అన్‌కప్లింగ్ ప్రోటీన్లున్నాయి. అవి తెరుచుకుంటే ప్రోటాన్లు టర్బైన్‌తో పనిలేకుండా దిగిపోతాయి, శక్తి వేడిగా పోతుంది. ఈ పోలికను ఎంత లాగినా తెగడం లేదు, అదే నా ఆనందం.

ఇక లీకేజీ. పంపుల దగ్గర అప్పుడప్పుడు ఎలక్ట్రాన్ జారి ఆక్సిజన్ మీద పడుతుంది, సూపరాక్సైడ్ అనే, పక్కవాటిని దెబ్బతీసే ఆక్సిజన్ రూపం పుడుతుంది. పక్కనే మైటోకాండ్రియా సొంత డీఎన్ఏ ఉంటుంది: 16,569 అక్షరాలు, 37 జన్యువులు. దెబ్బ దానికీ తగులుతుంది. అండాలేమో ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే తయారై ఎదురుచూస్తుంటాయి. అయిదో నెలలో 60-70 లక్షలు, పుట్టేసరికి 10-20 లక్షలు, పెద్దమనిషయ్యేనాటికి 3-4 లక్షలు. కాబట్టి 36 ఏళ్ల మనిషి అండానికి వయసు 36 దాటింది. అన్నేళ్లు లీకేజీ తట్టుకుని ఎట్లా ఉంది?

బార్సిలోనాలో ఎల్వాన్ బోకె బృందం 2022లో నేచర్ పత్రికలో దీనికి జవాబు చెప్పింది. ఎదురుచూసే అండాలు కాంప్లెక్స్ ఒకటిని, అంటే ఎక్కువ లీకయ్యే పంపును, అసలు లేకుండా చేసుకుంటాయి. తక్కువ కరెంటుతో, లీకేజీ లేకుండా బతుకుతాయి. ఈ పంపు లేకుండా బతికే జీవుల్లో ఒకటి యూరప్ చెట్ల మీద పెరిగే విస్కం అనే బదనిక. మన దగ్గర తాయెత్తులో బదనిక పెట్టి కట్టేవాళ్లు ఈ మాట వింటే సంబరపడతారేమో. తాయెత్తుకూ దీనికీ ఏ సంబంధమూ లేదని ముందే చెబుతున్నాను.

పెరగడం మొదలయ్యాక మాత్రం అండానికి అన్ని పంపులూ కావాలి. చివరి దశ పెరుగుదలకు సుమారు 85 రోజులు పడుతుంది. అండం విడుదలకు సంకేతమిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ పొంగిన తర్వాత దాదాపు 36 గంటల్లో క్రోమోజోములను సగానికి పంచే పని జరగాలి, దానికి బోలెడు ఏటీపీ కావాలి. అండానికి గ్లూకోజును సొంతంగా వాడుకోవడం సరిగా రాదు. చుట్టూ ఉండే క్యుములస్ కణాలు గ్లూకోజును పైరువేట్‌గా మార్చి అందిస్తాయి. ఫలదీకరణ తర్వాత దాదాపు అయిదు రోజులు కొత్త మైటోకాండ్రియాలు పుట్టవు, ఉన్న లక్షనే పిండంలోని కణాలన్నీ పంచుకోవాలి.

ఇప్పుడు మాత్ర సంగతి. కోక్యూ-10 పంపుల మధ్య ఎలక్ట్రాన్లను మోసే అణువు. మన ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది. 2015లో టొరంటోలో ముసలి ఎలుకలకు ఇస్తే అండాల పనితీరు మెరుగుపడింది. 2018లో చైనాలో అండాల నిల్వ తగ్గిన యువతులకు ఐవీఎఫ్‌కు ముందు 60 రోజులు ఇచ్చి చూశారు. అండాలు ఎక్కువ వచ్చాయి, మంచి పిండాలూ పెరిగాయి. కానీ బిడ్డ చేతికొచ్చిన లెక్కలో గట్టిగా చెప్పదగిన తేడా తేలలేదు. డాక్టరమ్మ రాసింది తప్పు కాదు. అప్పు చేసి కొనాల్సినంత రుజువు మాత్రం లేదు. పైగా వయసుతో క్రోమోజోములను పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ సడలిపోతుంది. దాన్ని ఏ మాత్రా, ఏ ఆకుకూరా మళ్లీ బిగించలేదు.

అత్తమ్మ మాటకు వస్తే, పంపుల విడిభాగాలు చూడండి: ఇనుము, రాగి, రైబోఫ్లావిన్, నయాసిన్ (చివరి రెండూ బి విటమిన్లు). నువ్వుల్లో రాగి దండిగా ఉంటుంది, మునగాకులో ఇనుము, ఫోలేట్. బెల్లానికి మాత్రం ఉన్నదానికన్నా పేరు ఎక్కువ. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లు దాన్ని మందనుకుని తినొద్దు. నయాసిన్ కథ మన నేలదే. జొన్న మీదే బతికిన దక్కన్ పేదల్లో నయాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. హైదరాబాద్ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకాంతియా 1960లో దీనికి కారణంగా జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అనుమానించారు. దాని మీద వాదన తర్వాతా నడిచింది. నయాసిన్ బాగా ఉండేది పల్లీల్లో. పాలమూరులో జొన్నరొట్టెకు పల్లీల పొడి నంజుకునేవాళ్లు తెలియకుండానే సగం పని చేసుకుంటున్నారు.

ఇనుమే అసలు చిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019-21) తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. ఇనుము హిమోగ్లోబిన్‌కే కాదు, ఆ మూడు పంపులకూ కావాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. గంట ఆగండి. కూరలో నిమ్మకాయ పిండితే పట్టేది పెరుగుతుంది. అట్లాగని ఎక్కువ తింటే ఎక్కువ శక్తి అనుకోవద్దు. కొవ్వు బాగా మేపిన ఎలుకల అండాల్లో మైటోకాండ్రియాలు దెబ్బతిన్నాయి. పంపుల దగ్గర ఎలక్ట్రాన్లు కిక్కిరిసి లీకేజీ పెరగడమే దానికి ఒక కారణం. ఫోలిక్ ఆసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి, ఇందులో రెండో మాట లేదు. బిడ్డ వెన్ను నాళం (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) ఫలదీకరణ తర్వాత 28వ రోజుకల్లా మూసుకుంటుంది, చాలామందికి గర్భం వచ్చిందని అప్పటికి సరిగా తెలియదు కూడా.

ఇక మీ ఆయన. శుక్రకణం తెచ్చే మైటోకాండ్రియాలను అండం నాశనం చేస్తుంది కాబట్టి బిడ్డకు అవన్నీ తల్లివే. అట్లాగని ఆయన తప్పించుకోలేరు. ఆ కొద్ది మైటోకాండ్రియాలే తోకను ఆడించాలి. పిల్లలు కాకపోతే ఇప్పటికీ మన ఊళ్లలో కోడలిని ఏడు ఆసుపత్రులు తిప్పి, ముడుపులు కట్టించి, కొడుకుకు మాత్రం ఒక్క పరీక్ష చేయించరు. నాకు ఒళ్లుమండే విషయమిది. దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్ష చవక, నొప్పి లేదు. ముందు అది చేయించండి. గుట్కా, సిగరెట్ ఉంటే ఇవాళే మానాలి. ఒక శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి మానిన ఫలితం మూడో నెలలో గానీ రిపోర్టులో కనపడదు. మాత్ర మాట ఆ రిపోర్టు చూశాక డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. మీకు 35 దాటింది కాబట్టి ఆరు నెలలు చూసినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసే వెళ్లండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా ఆ రోజే అడగండి.