ఆసాబుల్ ఏటికి వెళ్లబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఏప్రిల్ ఆఖరి శనివారం మన మిషిగన్‌లో ట్రౌట్ చేపలు పట్టే సీజన్ మొదలవుతుంది. ఆ రోజుకి నాన్న మిమ్మల్ని ఆసాబుల్ ఏటి ఒడ్డునున్న గ్రేలింగ్ ఊరికి తీసుకెళ్తున్నాడని విని చాలా సంతోషించాను. మీ నోవై నుంచి ఐ-75 హైవే మీద మూడు గంటల ప్రయాణం. మొన్న ఫోన్లో మీరొక మాట అడిగారు. "పట్టిన చేపని మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాం కదా తాతయ్యా, ఇంక మనవల్ల ఏటికి నష్టం ఏముంటుంది?" అన్నారు. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. తెలుగు చదవడం కష్టమైన చోట అమ్మనడగండి.

చేపని వదిలేయడం మంచి పనే. కానీ ఏరంటే చేప ఒక్కటే కాదు. అడుగున గులకరాళ్లు, ఆ రాళ్ల సందుల్లో పురుగులు, ఒడ్డుని పట్టి ఉంచే చెట్ల వేళ్లు, నీటి చల్లదనం, ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ట్రౌట్ బతుకుతుంది. చేపని వేలితో తాకకుండానే వీటన్నిటినీ పాడు చేయగలం. చెడ్డవాళ్లే ఆ పని చేస్తారనుకోకండి. ఏరంటే ప్రాణం పెట్టేవాళ్లే, ఒకరి తరవాత ఒకరు, అందరూ ఒకేచోటికి వచ్చి ఆ పని చేస్తారు.

మీరు వెళ్లే ఊరికి పెట్టింది ఒక చేప పేరు. గ్రేలింగ్‌కి వీపు మీద పెద్ద రెక్క, దాని మీద రంగురంగుల మచ్చలు ఉంటాయి. ఒకప్పుడు ఆసాబుల్ నిండా అదే. 1870లలో రైలు అక్కడిదాకా వచ్చింది. దానితోపాటే గాలాలు వేసేవాళ్లూ వచ్చారు. గ్రేలింగ్ చాలా తేలిగ్గా గాలానికి పడే చేప. పట్టినవాళ్లు పట్టినంత పట్టారు, రైళ్లలో షికాగో, డెట్రాయిట్ హోటళ్లకి పంపారు. అదే సమయంలో చుట్టూ ఉన్న వైట్ పైన్ అడవులు నరికి, ఆ దుంగల్ని వసంతకాలపు వరద నీటిలో కిందికి, హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న కోతమిల్లులకి తేలవేసేవారు. గ్రేలింగ్ గుడ్లు పెట్టేది కూడా సరిగ్గా ఆ వసంతంలోనే. వేల దుంగలు ఏటి అడుగుని గీరేసుకుంటూ పోతే గుడ్లు ఎక్కడ మిగులుతాయి? చెట్లు పోయిన గట్లనుంచి ఇసుక జారి గులకరాళ్లని కప్పేసింది. పైగా బయటినుంచి తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలతో తిండికీ చోటుకీ పోటీ. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఆసాబుల్‌లో గ్రేలింగ్ దాదాపు అయిపోయింది. 1930లకల్లా మిషిగన్ మొత్తంలోనే లేకుండా పోయింది. ఊరికి ఆ పేరు మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు మీరు పట్టబోయే బ్రౌన్ ట్రౌట్ జర్మనీనుంచి వచ్చిన చేప. మీ పక్కనే ఉన్న నార్త్‌విల్‌లో ఆ గుడ్లని పొదిగించి, 1884లో పిల్లల్ని బాల్డ్విన్ నదిలో వదిలారు. అమెరికా నదుల్లో బ్రౌన్ ట్రౌట్ కథ అక్కడే మొదలైంది. బయటి చేప కదా అని దాన్ని తక్కువగా చూడొద్దు. నూట నలభై ఏళ్లుగా అక్కడే పుట్టి పెరుగుతోంది. గ్రేలింగ్‌ని తిరిగి తేవాలని కూడా ప్రయత్నం జరుగుతోంది. లిటిల్ రివర్ బ్యాండ్ ఒట్టావా తెగవాళ్లు, రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ కలిసి 2016లో పని మొదలుపెట్టారు. అలాస్కానుంచి తెచ్చిన గుడ్లతో హేచరీలో చేపలు పెంచి, వాటి గుడ్లని 2025లో మిషిగన్ నదుల్లో పెట్టారు. పోగొట్టుకోవడానికి యాభై ఏళ్లు చాలాయి. తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఇక ఇసుక సంగతి. ఆసాబుల్ గొప్పదనమంతా దాని ఊట నీటిలో ఉంది. మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన ఇసుక మేటల్లోకి వాన నీరు, కరిగిన మంచు ఇంకి, నేలలోపల చల్లబడి, ఊటలుగా ఏట్లోకి వస్తుంది. అందుకే ఎండాకాలంలో కూడా నీళ్లు చల్లగా ఉంటాయి, చలికాలంలో అడుగంటా గడ్డకట్టవు. కానీ ఆ ఇసుకే ఒడ్డున ఉండాల్సినది ఏట్లోకి జారితే గులకరాళ్ల సందులు పూడిపోతాయి. అక్కడ గుడ్లకి గాలి ఆడదు, పురుగులకి చోటుండదు. మన్లో ఒకడు దగ్గరి దారని గట్టుమీదనుంచి జారుతాడు. వెనక వచ్చినవాడు ఆ జాడ చూసి అక్కడే జారుతాడు. నెల తిరిగేసరికి గడ్డి చచ్చి అదొక బాట అవుతుంది, ప్రతి వానకీ అక్కడినుంచి ఇసుక కారుతూనే ఉంటుంది. చెక్క మెట్లు కట్టింది ఇందుకే. మెట్లు వంద గజాల దూరంలో ఉన్నా సరే, నడిచి వెళ్లి అక్కడే దిగండి. నీళ్లలో పడి ఉన్న చెట్టుకొమ్మలు గాలానికి అడ్డొస్తున్నాయని ఎవరైనా లాగేయబోతే వద్దని చెప్పండి. ట్రౌట్ ఎండనుంచి, పక్షులనుంచి దాక్కునేది వాటి కిందే.

నీళ్లలోకి దిగాక ఎక్కడ కాలు పెడుతున్నారో చూసుకోండి. ఆడ ట్రౌట్ తోకతో గులకరాళ్లని కొట్టి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. చుట్టూ రాళ్లు పాచిపట్టి నల్లగా ఉంటే ఆ గూడు దగ్గర మాత్రం కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. బ్రౌన్, బ్రూక్ ట్రౌట్ అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు వసంతందాకా రాళ్లలోనే ఉంటాయి. రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టేది వసంతంలో, అంటే మీరు వెళ్లే రోజుల్లోనే. మోంటానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీనిమీద ప్రయోగాలు చేసి 1992లో ఫలితాలు ప్రచురించారు. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు బయటికొచ్చేదాకా రోజుకి రెండుసార్లు గూడుమీద నడిస్తే 96 శాతం దాకా చచ్చిపోయాయి. పొదగడానికి కాస్త ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి నడిస్తే 43 శాతం దాకా పోయాయి. ఆ నడిచినవాడికి ఏమీ తెలియదు. కాలికింద రాళ్లు కదిలాయనుకుంటాడు, అంతే. పట్టిన చేపలన్నీ జాగ్రత్తగా వదిలేసి, ఏ పాపమూ చేయలేదనుకుంటూ ఇంటికెళ్తాడు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇది.

వదిలేయడంలో కూడా పద్ధతుంది. చేయి తడిపి పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురుపొర ఊడిపోతుంది. గాలపు ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనని ముందే పట్టకారుతో నొక్కేయండి. ఫోటో కావాలంటే చేప నీళ్లలో ఉండగానే తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, నాన్న పెట్టెలో ఉన్న థర్మామీటరు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ట్రౌట్‌కి అలసట పెరుగుతుంది. వేసవిలో ఏటి నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గాలం చుట్టేసి వచ్చేయండి. మోంటానాలో నీళ్లు వరసగా మూడు రోజులు 73 డిగ్రీలకి చేరితే మధ్యాహ్నం రెండింటినుంచి అర్ధరాత్రిదాకా చేపలు పట్టడం ఆపించే నిబంధనే ఉంది. మనకి ఎవరో వచ్చి చెప్పేదాకా ఎందుకు?

జనం సంగతి కూడా చెప్పాలి. బర్టన్స్ లాండింగ్‌నుంచి వేక్లీ వంతెనదాకా ఉన్న ఎనిమిది మైళ్లని అక్కడివాళ్లు 'హోలీ వాటర్' అంటారు. ఈకలతో, దారాలతో కట్టిన ఫ్లై తప్ప మరో ఎర అక్కడ పనికిరాదు, పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలి. పేరున్న చోటు కాబట్టి అందరూ అక్కడికే. జూన్ చివర్లో హెక్స్ అనే పెద్ద మేఫ్లై పురుగులు చీకటిపడ్డాక గుంపులుగా లేస్తాయి, వాటికోసం పెద్ద ట్రౌట్‌లు పైకొస్తాయి, వాటికోసం దూరాలనుంచి మనుషులొస్తారు. రేవుల దగ్గర కార్లు బారులు తీరతాయి. ఒకే మడుగుమీద సాయంత్రమంతా ఒకరి తరవాత ఒకరు గాలం వేస్తుంటే చేప తినేదెప్పుడు? మీరు వెళ్లినచోట ఎవరైనా ఉంటే దూరంగా మరో చోటు చూసుకోండి. రెండు మూడు చేపలు పడ్డాక ఒడ్డున కూర్చుని ఊరికే చూడండి, చూడాల్సినవి చాలా ఉంటాయి. అడవిలో బ్రూక్ ట్రౌట్ ఉన్న చిన్న పాయ ఏదైనా కనిపిస్తే దాని చోటు చెబుతూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. అంత చిన్న పాయ వందమంది కాళ్లని తట్టుకోలేదు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను, వినండి.

చేపలు తినడం తప్పని నేననడం లేదు. మనం పులుసు తినేవాళ్లమే. తీసుకోనిచ్చే చోట, నిబంధన ఒప్పుకున్నంతలో, ఆ పూటకి సరిపడా తీసుకోండి.

చెత్త విషయం మీకు తెలుసు కాబట్టి అన్నీ చెప్పను, పైకి కనిపించని రెండు మూడు మాత్రం చెబుతాను. తెగిన నైలాన్ దారం మూరెడు ముక్కైనా సరే జేబులో వేసుకోండి. అది వందల ఏళ్లు పోదు, పక్షుల కాళ్లకి, రెక్కలకి చుట్టుకుంటుంది. గాలానికి బరువుకోసం కట్టే సీసం గుళ్లు వాడకండి. లూన్ పక్షులు వాటిని రాళ్లనుకుని మింగి విషమెక్కి చచ్చిపోతాయి. ఎరకోసం తెచ్చిన వానపాములు మిగిలితే అడవిలో పారబోయకండి. ఇది చాలామంది నమ్మరు. హిమానీనదాలు కప్పిన ఆ ఉత్తరాది అడవుల్లో సొంత వానపాములే లేవు, ఇప్పుడున్నవి బయటినుంచి వచ్చినవే. అవి నేలమీది ఆకుల పొరని తినేస్తే చిన్న మొక్కలు లేవడం మానేస్తాయి. ఇక సీసాలు, డబ్బాలు. మిషిగన్‌లో 1978నుంచి సోడా, బీరు డబ్బాలకి పది సెంట్లు తిరిగొస్తుంది కాబట్టి వాటిని ఎవరో ఒకరు ఏరుకుంటారు. మంచినీళ్ల సీసాకి ఆ డబ్బు రాదు, అందుకే అది అక్కడే పడుంటుంది. దాన్ని మీరు తీసుకురండి.

ఇంకొక చెత్త బూట్లకి అంటుకుని వెళ్తుంది. న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ అనే నత్త మిరియపు గింజంత కూడా ఉండదు. ఒక్కటి చేరినా చాలు, జత లేకుండానే పిల్లల్ని పెడుతుంది. ట్రౌట్ మింగినా చాలావరకు అరగకుండా బతికే బయటికొస్తుంది. పురుగులు తినాల్సిన పాచినంతా ఇదే తినేస్తుంది. 2015లో పెర్ మార్కెట్ నదిలో, 2016లో ఆసాబుల్‌లో కనిపించింది. ఇవి నదినుంచి నదికి పోయే దారుల్లో చేపలు పట్టేవాళ్ల బూట్లు ముఖ్యమైనవి. కాబట్టి ఏట్లోంచి బయటికి రాగానే బూట్లు, నీళ్లలో దిగడానికి తొడుక్కునే వేడర్లు బ్రష్‌తో రుద్ది కడగండి. మరో నదిలో దిగేముందు కనీసం అయిదు రోజులు పూర్తిగా ఎండనివ్వండి. "ఒక్కసారికేం కాదులే" అని నాన్న తొందరపెడితే ఈ ఉత్తరం చూపించండి.

వీలుంటే ఆసాబుల్ దక్షిణ పాయ, సౌత్ బ్రాంచ్ వైపు కూడా వెళ్లండి. అక్కడ మేసన్ ట్రాక్ట్ అనే అడవి ఉంది. జార్జ్ మేసన్ కార్ల కంపెనీ అధిపతి. 1954లో చనిపోతూ ఏటి ఒడ్డునున్న వెయ్యి ఎకరాలకు పైగా సొంత భూమిని రాష్ట్రానికి రాసిచ్చాడు. ఎప్పటికీ అమ్మకూడదని, పాతికేళ్లదాకా అక్కడ ఎవరూ క్యాంపు వేయకూడదని షరతులు పెట్టాడు. నాకు ఆ రెండో షరతు మీద గొప్ప గౌరవం. జనం వాడకంనుంచి ఏటికి విశ్రాంతి కావాలని ఆలోచించి రాసినట్టుంటుంది. అయిదేళ్ల తరవాత, 1959లో, అదే నది ఒడ్డున ఒక ఇంట్లో పదహారుమంది చేపలు పట్టేవాళ్లు కూర్చుని ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థని మొదలుపెట్టారు. హేచరీ చేపల్ని తెచ్చి నింపడం కాదు, ఏటినే బాగుచేస్తే చేపలు వాటంతటవే పెరుగుతాయన్నది వాళ్ల వాదన. ఇప్పుడది దేశమంతా ఉంది.

సెప్టెంబరులో ఆసాబుల్ ఆంగ్లర్స్ సంఘంవాళ్లు ప్రతి ఏడాదీ నది శుభ్రం చేసే కార్యక్రమం పెడతారు. ఆ వారం ఏ పుట్టినరోజు పార్టీకీ మాటివ్వకండి, నేనూ వస్తాను. తొడుగులు, సంచులు నేను తెస్తాను. మీలో ఎవరి రబ్బరు బూట్లు పట్టడం లేదో ఇప్పుడే అమ్మకి చెప్పి కొనిపించుకోండి. ఈలోపు థర్మామీటరుతో కొలిచిన లెక్కలు, రోజు, సమయంతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. వచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు
మీ తాతయ్య