షోరూమ్‌లో జెన్, మఠంలో జెన్: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను షోరూమ్‌లకి విండో డిస్‌ప్లేలు చేస్తానండి, చీరల షాపులు, ఫర్నిచర్ షాపులు ఎక్కువ. ఈమధ్య ఎవర్ని కదిపినా "మాకు జెన్ లుక్ కావాలి" అంటున్నారు, అంటే తెల్ల ఇసుక, నల్ల గులకరాళ్ళు, ఓ వెదురు బొంగు, మూలన బుద్ధుడి తల. మా లైన్లో ఆ మాటకి అర్థం అంతే అయిపోయింది. కానీ జపాన్‌లో జెన్ అంటే ఇప్పటికీ భిక్షువులు చీకటితో లేచి పాటించే బౌద్ధ సంప్రదాయం, అసలు మన ధ్యానం అన్న మాటే చైనాలో చాన్ అయి అక్కడికెళ్ళి జెన్ అయింది.

అపోహ: జెన్ అంటే ఖాళీగా, తెల్లగా ఉండాలి.

వాస్తవం: జెన్ గుళ్ళో బుద్ధుడి మందిరం చూడండి, బంగారు పూత, జరీ గుడ్డలు, పెద్ద డప్పు, చెక్క వాయిద్యం కొడుతూ సూత్రాలు చదవడం, నిండుగా ఉంటుంది. బోసిగా కనిపించేది ధ్యానశాల, అక్కడ ఒక్కో భిక్షువుకి ఒక్క తతామీ చాప, కూర్చునేదీ పడుకునేదీ దానిమీదే, సామాను లేదు కాబట్టి ఖాళీ, అంతేగానీ లుక్ కోసం కాదు.

అపోహ: ఇసుక తోట ఎదురుగా కూర్చుని ధ్యానం చేస్తారు.

వాస్తవం: ధ్యానం శాలలో. జెన్‌లో సోటో శాఖ వాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుంటారు, రింజాయ్ శాఖ వాళ్ళు ఎదురెదురుగా. ఆ తోటని జపాన్‌లో కరెసాన్‌సుయి అంటారు, జెన్ గార్డెన్ అనే పేరు 1930ల్లో ఇంగ్లీషు పుస్తకాల వల్ల పాకింది. క్యోటోలో ర్యోఆన్‌జీ అనే గుడి తోట చాలా ఫేమస్ కదా, 15 రాళ్ళుంటాయి, వరండాలో ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక రాయి దాక్కుంటుంది. మేమైతే డిస్‌ప్లేలో ఇసుకమీద గీతలు గీశాక ఫెవికాల్ కలిపిన నీళ్ళు స్ప్రే చేసి గట్టిపరుస్తాం, సీజనంతా కదలకూడదు మరి. గుళ్ళో అలా కాదు, వానకి చెరుగుతాయి, ఆకులు రాలతాయి, భిక్షువులు మళ్ళీ చెక్క పళ్ళ దంతెతో గీస్తారు. గీయడం, ఊడవడం, కట్టెలు కొట్టడం, వంట, ఇదంతా సము, అంటే సాధనలో భాగమైన పని. "పనిచెయ్యని రోజు తిండి లేని రోజు" అన్న మాట బైజాంగ్ అనే పాత చైనా గురువుదని చెప్తారు. నాకైతే జెన్ ఏమన్నా ఉంటే ఆ దంతె పట్టుకోవడంలోనే ఉందనిపిస్తుంది.

అపోహ: జెన్ అంటే రిలాక్స్.

వాస్తవం: స్పాలకి పనికొచ్చే మాట. డిసెంబర్ 1 నుంచి 8 దాకా రోహత్సు అనే ధ్యాన దీక్షలో నిద్ర బాగా తగ్గించేసి కూర్చుంటారు, కునుకొస్తే భుజంమీద కర్రతో కొడతారు.

అపోహ: లాఫింగ్ బుద్ధ అంటే గౌతమ బుద్ధుడే.

వాస్తవం: కాదు, బుదాయ్ అనే చైనా భిక్షువు, గుడ్డ సంచి మోసుకు తిరిగేవాడు.

అపోహ: బుద్ధుడి తల ఎక్కడ పెట్టినా శుభమే.

వాస్తవం: పాత విగ్రహాల తలలు నరికి విదేశాలకి అమ్ముకున్నారండి, ఆ తలలు చూసి చూసి మార్కెట్‌కి అలవాటైపోయింది. థాయ్‌లాండ్‌లో అయితే బుద్ధుడు డెకరేషన్ కాదని రోడ్లమీద పెద్ద బోర్డులే పెట్టారు. చెప్పుల ర్యాక్ పక్కన, వాష్‌రూమ్ దారిలో పెట్టమంటే నేను చెయ్యను, ఆర్డర్ పోయినా సరే. ఇసుక, రాళ్ళు, వెదురు హాయిగా వాడుకుందాం, కొటేషన్‌లో కూడా వాటి పేర్లే రాస్తున్నా, జెన్ అని రాయట్లేదు.