నీటి వణుకు పట్టే సూది

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "అలలన్నీ పైపైనే కదా, మూడు నాలుగు కిలోమీటర్ల లోతున చీకట్లో పడి ఉన్న నీళ్లను కలిపేదెవరు? అవి కలుస్తున్నాయని మనకెలా తెలుసు?"

మొదటి సగానికి జవాబు చిన్నదే. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు, పైన వీచే గాలి కలిసి సముద్రం లోపలి పొరల మీద కూడా అలలు లేపుతాయి. అవి అడుగున ఉన్న కొండల దగ్గర విరిగి సుడులవుతాయి. ఈ కలపడమే లేకపోతే ధ్రువాల దగ్గర చల్లబడి మునిగే బరువైన నీరు పేరుకుపోయి, సముద్రం దాదాపు పైదాకా చల్లని నీటితో నిండిపోయేది. నాకు మోజంతా రెండో సగం మీదే.

ఈ సుడుల కదలికకే టర్బులెన్స్ అని పేరు. బడిలో "సంక్షుబ్ధ ప్రవాహం అనగా క్రమం లేని ప్రవాహం" అని రాయించి, రెండు మార్కులేసి వదిలేస్తారు. క్రమం లేకపోవడమేమిటి! పెద్ద సుడి చిన్న సుడులుగా చీలుతుంది, అవి ఇంకా చిన్నవిగా చీలుతాయి. చివరికి ఒక సైజు దగ్గర నీటి జిగట, అంటే స్నిగ్ధత, గెలుస్తుంది. అక్కడ కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. ఆ ఆఖరి సైజు ఎంతో 1941లో రష్యన్ గణిత శాస్త్రవేత్త కోల్మొగొరోవ్ లెక్క కట్టాడు. ప్రశాంతంగా ఉన్న లోతుల్లో అది సుమారు ఒక సెంటీమీటరు. సుడిగుండం కింద ఏదో భూతం కూర్చుని లాగేస్తోందని నావికులు భయపడేవారు. తీరా చూస్తే అసలు పని చేసేది గోరంత సుడి.

దాని బలమెంత? లోతైన సముద్రంలో కిలో నీటిలో ఇలా వేడిగా మారే శక్తి వాటులో వెయ్యి కోట్ల వంతు ఉంటుంది. ఒక ఘన కిలోమీటరు నీరంతా కలిపితే వంద వాట్లు, ఒక పాతకాలపు బల్బు. ఇంకా దగ్గరికి వెళ్లి చూద్దాం. సెంటీమీటరు ఎడంలో ఉన్న రెండు నీటి బొట్ల వేగాల మధ్య తేడా సెకనుకు 0.04 మిల్లీమీటర్లు. ఒకటి ఇంకోదానికన్నా ఒక్క మిల్లీమీటరు ముందుకు పోవడానికి పాతిక సెకన్లు పడుతుంది. పట్టుకోవాల్సింది ఈ తేడానే.

పట్టేది షియర్ ప్రోబ్ అనే పరికరం. నేను దాన్ని సూది అంటాను. పెన్సిల్ మొనంత రబ్బరు తొడుగు, దాని లోపల సన్నని పీజో పలక. గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వచ్చేది ఇలాంటి పదార్థం వల్లే, ఒత్తిడి పడితే కరెంటు పుడుతుంది. లైటర్‌లో గట్టిగా కొడతాం. ఇక్కడ నీరు పక్కనుంచి చిన్నగా తోస్తుంది, పలక కనబడనంతగా వంగుతుంది, వోల్టేజి వస్తుంది. ఈ పద్ధతిని 1970లలో సముద్రంలోకి దింపినవాడు సముద్ర శాస్త్రవేత్త టామ్ ఆస్‌బోర్న్.

చిక్కేమిటంటే, నిలబడి ఉన్న సూదికి ఏమీ తెలియదు. అది ముందుకు పోతూ ఉండాలి. పక్క నుంచి వచ్చే తోపు, సూది వేగం, రెండూ గుణించినంత బలం పలక మీద పడుతుంది. కాలంతో మారే వోల్టేజిని దూరంతో మారే వేగంగా మార్చుకోవడానికి మళ్లీ అదే వేగంతో భాగించాలి. ఇలా దూరంతో నీటి వేగం మారే తీరునే కోత (షియర్) అంటారు, దాని లెక్కలో సూది వేగం వర్గం వచ్చింది. శక్తి లెక్క ఆ కోత వర్గంతో నడుస్తుంది కాబట్టి చివరికి వేగం నాలుగో ఘాతం వచ్చి కూర్చుంటుంది. సూదిని మోసుకెళ్లే నీటి రోబో వాహనం వేగాన్ని 5 శాతం తప్పుగా అనుకుంటే జవాబు 20 శాతం తప్పుతుంది! అందుకే ఈ పని చేసేవాళ్లకు టర్బులెన్స్ కన్నా వాహనం వేగం మీదే ఎక్కువ టెన్షన్.

అంతకన్నా పెద్ద గొడవ చప్పుడు. గుండె చప్పుడు వినే డాక్టరు చెయ్యే వణికితే ఏం వినబడుతుంది? ప్రొపెల్లర్‌తో నడిచే వాహనంలో మోటారు అదురుతుంది, చుక్కాని కదులుతుంది, అదంతా సూదికి చేరుతుంది. దీనికో ఉపాయం ఉంది. సూది పక్కనే యాక్సిలరోమీటర్ పెడతారు, ఫోన్ అడ్డం తిప్పితే తెర తిరిగేది దానివల్లే. అది వాహనం వణుకును మాత్రమే రాసుకుంటుంది. సూది రాతలో దానితో జత కలిసే భాగాన్ని తీసేస్తే మిగిలింది నీటిది.

ఇంకో దారి, అసలు మోటారుతో తోయకపోవడం. గ్లైడర్ అనే నీటి రోబో తన ఘనపరిమాణాన్ని సుమారు అర లీటరు తగ్గించుకుంటుంది, మునుగుతుంది. పెంచుకుంటుంది, తేలుతుంది. బ్యాటరీని ముందుకో వెనక్కో జరిపి ముక్కు దించుతుంది, ఎత్తుతుంది. రెక్కలు ఆ పడడాన్ని ముందుకు జారడంగా మారుస్తాయి. వేగం సెకనుకు ముప్పై నలభై సెంటీమీటర్లే. సూది సెకనుకు 512 సార్లు రాస్తే ప్రతి మిల్లీమీటరుకూ కనీసం ఒక కొలత పడుతుంది. కింద మలుపు తిరిగేటప్పుడు పంపు మోగుతుంది, ఆ కాసేపటి రాతను పారేస్తారు. 2009లో ఒక గ్లైడర్ 221 రోజుల్లో అట్లాంటిక్ దాటింది. నిదానం సంగతి అలా ఉంటే ఓపిక సంగతి ఇది.

ఓపిక ఎందుకంటే టర్బులెన్స్ అందరికీ సమానంగా పంచిన వస్తువు కాదు. గంటల తరబడి ఏమీ ఉండదు, ఒక్కసారి వెయ్యి రెట్లు ఎగుస్తుంది, కలిపే పనిలో పెద్ద వాటా ఆ కాసేపట్లోనే అయిపోతుంది. తుఫానులో ఓడ నుంచి పరికరం దింపడం కుదరదు. రోబోకు ఆ బాధ లేదు.

బోటీ మెక్‌బోట్‌ఫేస్ గుర్తుందా? 2016లో బ్రిటన్ కొత్త పరిశోధన ఓడకు పేరు పెట్టమంటే జనం నవ్వులకు గెలిపించిన పేరు. ఓడకు వేరే పేరు పెట్టి, దీన్ని ఒక రోబోకు తగిలించారు. 2017లో అది అంటార్కిటికా దగ్గర ఓర్క్నీ పాసేజ్‌లో, దాదాపు 4,000 మీటర్ల లోతు దాకా, కొండల మధ్య 180 కిలోమీటర్లు తిరిగింది. గాలులు బలపడినకొద్దీ అడుగు ప్రవాహం జోరందుకుంటుందనీ, కొండల మీద టర్బులెన్స్ పెరిగి, పైనున్న కాస్త వెచ్చని నీరు అడుగు నీటిలో కలుస్తుందనీ ఆ కొలతల ఆధారంగా 2019లో తేల్చారు.

అయితే సూదికీ ఒక హద్దుంది. ఇందాకటి ఘన కిలోమీటరు నీటి బల్బును పది వాట్లకు దించితే దానికి వినబడేది సొంత ఎలక్ట్రానిక్స్ రొదే. గ్రాఫు అక్కడ కిందికి దిగడం మానేసి అడ్డంగా సాగుతుంది. ఆ గీత మీద పడిన చుక్కలను నీటి లెక్కలో వేసుకోకూడదు, అవి సూది లెక్క.