మెట్టినిల్లు ఒడిశా, పుట్టిల్లు ఆంధ్రా: ఆడవాళ్ల హక్కులపై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో ఏ వీధికి వెళ్లినా పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వైపు నుంచి వచ్చిన కోడళ్లు కనిపిస్తారు. మా ఆడపడుచులు కూడా అంతే మంది అటు మెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది గానీ మేనరికాలు, పండగ సారెలు ఏమీ ఆగలేదు. కాపురం సజావుగా సాగినంతకాలం ఏ రాష్ట్రమన్నది ఎవరికీ పట్టదు. గొడవలు మొదలయ్యాకే "మాది ఆంధ్రా, వాళ్లది ఒడిశా, ఇప్పుడెక్కడికి పోవాలి?" అంటూ వస్తారు. ఇక్కడి కోర్టుల్లో ఆడవాళ్ల కేసులు చూసే వకీలుగా నేను పదేపదే వినే మాటలు కొన్ని కింద రాస్తున్నాను.

అపోహ: దెబ్బలు ఒడిశాలో తిన్నావు, కేసు కూడా ఒడిశాలోనే పెట్టుకోవాలి

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఈ మాటే. చంటిబిడ్డనెత్తుకుని పుట్టింటికి చేరిన అమ్మాయి అక్కడి స్టేషన్‌కి వెళితే "ఇది మా పరిధి కాదమ్మా" అని పంపేస్తారు. ఇటు వస్తే ఒడియా రాదు, తోడు మనిషి ఉండడు, అత్తవారి వీధిలోంచే నడిచి వెళ్లాలి. అలా తిరిగి తిరిగి విసిగిపోయి మళ్లీ ఆ ఇంటికే వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.

2006 అక్టోబరు 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టంలో 27వ సెక్షన్ చదవండి. బాధితురాలు శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేసుకోవచ్చు. అన్నయ్య ఇంట్లో తలదాచుకున్నా సరే, అద్దె గదిలో ఉన్నా సరే. ఆ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. భరణం కేసు కూడా భార్య ఉంటున్న చోట వేయొచ్చు. భార్యని భర్త, అత్తింటివాళ్లు హింసించడం, అందరికీ 498ఎగా తెలిసిన నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. హింస తట్టుకోలేక ఆమె వచ్చి చేరిన ఊళ్లో కూడా ఆ కేసు పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక స్టేషన్ సంగతి. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకుని నమోదు చేయాల్సిందేనని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. కేసు కట్టి, పరిధి ఉన్న స్టేషన్‌కి పంపడం వాళ్ల పని. మేం తీసుకోం అని వాళ్లంటే జిల్లా ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు.

అపోహ: కేసు పెడితే మొగుణ్ణి ఆ రోజే జైల్లో వేస్తారు

"ఆయన జైలుకెళ్తే పిల్లలకి అన్నం ఎవరు పెడతారు లాయరమ్మా?" అని అడుగుతారు. ఈ భయంతోనే ఏళ్ల తరబడి నోరు మెదపనివాళ్లు ఎంతోమంది. అసలు గృహహింస చట్టం కింద మొదట అడిగేది జైలుశిక్షే కాదు. కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, ఇంటి ఖర్చులకి డబ్బివ్వాలని, ఆమె బంగారం, సామాన్లు తిరిగివ్వాలని ఉత్తర్వు అడుగుతాం. ఆ రక్షణ ఉత్తర్వును లెక్కచేయనప్పుడు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. 498ఎ కేసులోనూ యాంత్రికంగా అరెస్టులు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కట్టడి పెట్టింది.

ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి కోడలికి అక్కడ ఉండే హక్కు లేదనడం కూడా సరికాదు. దంపతులు కాపురమున్న ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అందులో నివాస హక్కు అడగొచ్చని 2020లో తీర్పు వచ్చింది. ఇది ఆస్తిలో వాటా మాత్రం కాదు. ఆ రెండూ కలిపేసుకుని ఆశలు పెంచుకోవద్దు.

అపోహ: కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ పెట్టాం, ఇక ఆడపిల్లకి వాటా లేదు

దీని వెనక కొంత చరిత్ర ఉంది. ఎన్టీఆర్ హయాంలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. ఒడిశాలో అలాంటి సవరణే లేదు. అందుకే "పెళ్లయితే హక్కు పోతుంది", "అది ఆంధ్రా వాళ్లకే" అన్న రెండు మాటలూ ఇక్కడ పాతుకుపోయాయి. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చాక ఆ తేడాలు పోయాయి. పెళ్లయినా కాకపోయినా, ఆంధ్రాలో ఉన్నా ఒడిశాలో ఉన్నా, కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. ఆ తేదీకి తండ్రి బతికుండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడలేం. "నాన్నగారు అప్పుడే నోటిమాటగా పంచేశారు" అన్నయ్యలు చెప్పే ఈ మాట సాధారణంగా నిలబడదు. ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం చూపించాల్సింది వాళ్లే.

తండ్రి స్వార్జితం వేరు. దాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా రాసివ్వొచ్చు. వీలునామా లేకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటాలే.

కట్నం తీసుకోవడమూ ఇవ్వడమూ 1961 నుంచి నేరమే. నేరం చేసి ఇచ్చిన డబ్బుని వాటా కింద లెక్కగట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. పైగా ఆ డబ్బు ఆ పిల్ల చేతికి ఏ రోజూ రాదు.

నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది అప్పటికే సంతకం పెట్టేసి ఉంటారు. తండ్రి కర్మల రోజున, ఏడుస్తూ ఉన్నప్పుడు, "పేరు మార్చుకోవడానికే అప్పా" అని తమ్ముడు కాగితం చాపుతాడు. ఆ పూట ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇప్పటికే తెల్లకాగితం మీద పెట్టి ఉంటే కంగారు పడొద్దు. భూమి మీద హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి, తెల్లకాగితంతో హక్కు పోదు. రిజిస్టర్ ఆఫీసుకు తీసుకెళ్లి వేలిముద్ర వేయిస్తుంటే మాత్రం అక్కడే ఆగి చదివించుకోండి.

భూమి విషయంలో ఒక్క తేడా ఉంది. పై కేసుల్లా దీన్ని మీరున్న చోట వేయడం కుదరదు. పంపకాల దావా భూమి ఉన్న చోటే వేయాలి. పాతపట్నం దగ్గర పొలమైతే అటువైపు కోర్టుకే.

మా జిల్లాలో సవర కుటుంబాలు ఎక్కువ. షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, ఆచారమే చూస్తారు. అంతమాత్రాన ఆడవాళ్లకి ఏమీ రాదని అనుకోవద్దు. ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకి వాటా లేదన్న ఆచారాన్ని ఎవరూ రుజువు చేయలేకపోయినప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: పెద్దమనుషులు స్టాంపు కాగితం రాయించారు కాబట్టి విడాకులు అయిపోయాయి

ఆ కాగితాలు ఎన్నో చూశాను. 100 రూపాయల స్టాంపు మీద "ఇకపై మాకు ఏ సంబంధమూ లేదు" అని ఒక వాక్యం, కింద ఇత్తడి బిందె, మంచం, బీరువా తిరిగిచ్చినట్టు జాబితా, చివర నలుగురు సాక్షులు. ఆమెది వేలిముద్ర. భరణం మాట ఎక్కడా ఉండదు. తమ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప, హిందువులకి ఆ కాగితం విడాకులు కాదు. అది పట్టుకుని అతను మళ్లీ పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, నేరం కూడా. ఆమె మళ్లీ చేసుకున్నా అదే చిక్కు.

అపోహ: చిన్నపిల్ల పెళ్లి సరిహద్దు అవతలి గుళ్లో చేసేస్తే అడిగేవాళ్లు ఉండరు

బాల్యవివాహాల నిషేధ చట్టం రెండువైపులా ఒకటే. 1098కి ఫోన్ చేస్తే చాలు, మీ పేరు బయటికి రాదు. పెళ్లి ఆపమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చాక కూడా చేస్తే, ఆ పెళ్లి చట్టం దృష్టిలో జరగనట్టే. ఇప్పటికే అయిపోయి ఉంటే, మైనరుగా పెళ్లయిన అమ్మాయి 18 నిండాక రెండేళ్లలోపు దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. భరణం కూడా అడగొచ్చు. ఇది తెలియక గడువు దాటబెట్టుకుంటున్నారు.

"అదంతా ఒడిశా పల్లెల్లోనే" అని అటువాళ్లు అంటుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఒడిశాలో 20.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

అపోహ: వకీలుకి డబ్బుల్లేకపోతే కోర్టు మెట్లు ఎక్కలేం

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి మహిళకీ ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అత్యవసరమైతే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

అపోహ: ఒడియా రాకపోతే పోలీసులు రాసిందానికి సంతకం పెట్టడం తప్ప దారిలేదు

ఫిర్యాదు ఒడియాలో రాసి ఉంటుంది, కింద తెలుగు సంతకం ఉంటుంది. కోర్టులో చదివి వినిపిస్తే "నేను ఈ మాట అనలేదమ్మా" అంటుంది. అప్పటికి ఎదుటి వకీలు ఆ తేడానే పట్టుకుని ఉంటాడు. మీరు నోటితో చెప్పినా దాన్ని రాసి, మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, అది చట్టంలో ఉంది. రెండు భాషలూ తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. వీలైతే ముందే తెలుగులో తేదీలతో రాసి పట్టుకెళ్లండి. శుభలేఖ, పెళ్లి ఫోటో, ఆసుపత్రి చీటీ, ఆధార్ జిరాక్సు ఒక కవర్లో పెట్టుకోండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఆ రోజే అడిగి తీసుకుని ఇంటికి రండి.